నల్ల చేతుల సామి

మునీశ్వరి నోటి నుంచి తడబాటు లేకుండా వచ్చిన మొదటి ఇంగ్లీషు మాటలు ఒక హత్య గురించి. ఆ మాటలు అన్న కాసేపటికే ఒక ముసలాయన తల పగిలింది, ఒక పటం నిలువునా చీలింది, మునీశ్వరి జుట్టు కృష్ణసామి పిడికిట్లో చిక్కుకుంది.

తొంభై ఎనిమిదో సంవత్సరం, ఎండలు ముదిరిన ఒక ఆదివారం. కోవిల్‌పట్టిలో బాణసంచా పని చేసే ఆడవాళ్లకు ఇంగ్లీషు నేర్పే వసంతి టీచర్ తన క్లాసునంతా విరుదునగర్‌కు బయల్దేరదీసింది. నల్లబల్ల మీద రాస్తే వీళ్లకు ఎక్కదని ఆమెకు మొదటి నెలలోనే అర్థమైంది. గోళ్ల సందుల్లో వెండిపొడి పోకుండానే వచ్చి కూర్చునే ఆడవాళ్లు అక్షరం చూడగానే ఆవలించేవాళ్లు. అదే ఒక బొమ్మ చూపిస్తే మాత్రం నోళ్లు లేచేవి. అందుకని బొమ్మలు ఎక్కడుంటే అక్కడికే తీసుకెళ్లడం మొదలుపెట్టింది. బొమ్మ ముందు నిలబెట్టి మూడే ప్రశ్నలు అడిగేది. ఏం కనబడుతోంది? ఏం జరుగుతోంది? దీనికి ముందు ఏం జరిగింది? జవాబు ఇంగ్లీషులోనే చెప్పాలి. తప్పులైనా పరవాలేదు, ఆగకూడదు.

మొదటిసారి పాంచాలంకురిచ్చి వెళ్లారు. కోటలో గోడల నిండా యుద్ధాల బొమ్మలు. ఉరితీత బొమ్మ ముందు మూక్కమ్మాళ్ నిలబడింది. ఆమె యాభై దాటిన మనిషి, క్లాసులో అందరికంటే పెద్దది, అందరికంటే పెద్ద గొంతుది. "మ్యాన్ హ్యాంగింగ్. మెనీ పీపుల్ వాచింగ్. నో వన్ హెల్పింగ్!" అని అరిచింది. అందరూ నవ్వారు. మునీశ్వరి నవ్వలేదు. ఆమెకు వాళ్ల నాన్న గుర్తుకొచ్చాడు.

ఏడేళ్ల కిందట వెంబకోట్టై దగ్గర లైసెన్సు లేని బాణసంచా షెడ్డు ఒకటి పేలింది. తలుపుకు బయట తాళం వేసి ఉంది. లోపలున్న ఆడవాళ్లు బొగ్గయిపోయారు. వాళ్లలో ఎక్కువమంది నాగలాపురం వాళ్లు, మునీశ్వరి వీధివాళ్లు. ఆ షెడ్డులో మందు కలిపే పని ఆమె అన్న ముత్తుపాండిది. ఆ పూట నుంచి అతను మళ్లీ ఎవరికీ కనబడలేదు. ముత్తుపాండే తాళం వేశాడనీ, చావులు చూసి కేరళకు పారిపోయాడనీ ఊరంతా గుప్పుమంది. వీధి వీధంతా రాళ్లతో, రోకళ్లతో వాళ్ల ఇంటి మీదికొచ్చింది. గడప మీద నాన్న తల చితికింది. ఆయన మళ్లీ లేవలేదు. తల్లి వేలమ్మాళ్ కూతుర్ని లాక్కుని చేలకు అడ్డంపడి పరుగెత్తి కోవిల్‌పట్టి చేరింది.

అప్పటి నుంచి మునీశ్వరికి కావలసింది ఒక్కటే. అన్న తాళం వేశాడా, లేదా? వేశాడంటే తనే వెతికి పట్టుకుని మొహాన ఉమ్ముతుంది. వేయలేదంటే ఆ మాట నాగలాపురం వీధి నడుమ నిలబడి అరుస్తుంది. రెండూ కాక ఏడేళ్లుగా కుంటుతున్న బతుకు వాళ్లది.

వాళ్లకు పని ఇవ్వడానికి ఎవరూ ముందుకు రాని రోజుల్లో ఇచ్చినవాడు కృష్ణసామి. కాలిపోయిన షెడ్డులో అతను మేస్త్రీ. తర్వాత లైసెన్సుతో సొంత ఫ్యాక్టరీ పెట్టి, పనివాళ్లు మొదలాళి అని పిలిచే యజమాని అయ్యాడు. పండక్కి చీరలు పంపేవాడు, వేలమ్మాళ్‌కు జ్వరమొస్తే మందులు పంపేవాడు. "నా కొడుకు చేసిన పాపానికి ఆ మహరాజు గంజి పోస్తాడు," అని వేలమ్మాళ్ చేతులెత్తి దణ్ణం పెట్టేది.

ఆ ఆదివారం వ్యాను కూడా కృష్ణసామిదే. నడిపేది కూడా అతనే.

"మా ఆడోళ్లు ఇంగ్లీస్‌లో టక్కని జవాబు చెప్పాల టీచర్," అన్నాడు స్టీరింగ్ తిప్పుతూ. "బొంబాయి కంపెనీవాళ్లు తనికీకి వస్తారు. షెడ్డుకి తలుపులెన్నని అడుగుతారు. ఏం చెప్తావు మూక్కమ్మా?"

"టూ డోర్స్, సార్!"

"గుడ్!" అని అతను హారన్ మోగించాడు. అతనికి తెలిసిన ఇంగ్లీషు ఆ ఒక్క మాటే.

సాత్తూరు రైల్వే గేటు దగ్గర ఒక లారీ పక్కనుంచి దూసుకొచ్చి వ్యాను అద్దాన్ని ఊడగొట్టింది. గేటు పడి ఉంది కాబట్టి లారీ ముందుకు పోలేకపోయింది. కృష్ణసామి నింపాదిగా దిగాడు. చొక్కా వెనక్కి చెయ్యి పోనిచ్చి నడుములో దోపుకున్న వేటకొడవలి తీశాడు. లారీ డ్రైవర్ని కాలర్ పట్టి కిందికి లాగి, కొడవలి వెన్నుతో భుజమ్మీద ఒక్కటిచ్చాడు. ఎముక విరిగిన చప్పుడు వ్యానులోకి వినబడింది. పడిపోయినవాడి నోటి మీద చెప్పుకాలితో రెండుసార్లు తొక్కాడు. గేటు లేచేసరికి వచ్చి కూర్చుని, ఏమీ జరగనట్టు బండి కదిలించాడు.

కాస్త దూరం పోయాక రోడ్డు పక్క ఒక మునియాండి గుడి వచ్చింది. గుడంటే గుడి కాదు, సున్నం కొట్టిన నాలుగు రాళ్లు, ఒక శూలం. వ్యాను ఆపాడు. రాళ్లకు ఇవతలే ఒంగి చెప్పుల పట్టీలు విప్పి, వట్టి కాళ్లతో లోపలికి పోయి నుదుటి నిండా విభూతి పూసుకొచ్చాడు.

మూక్కమ్మాళ్ మునీశ్వరి చెవిలో గొణిగింది. "చూస్తివా? మనిసిని తొక్కేటప్పుడు చెప్పు విడవలా. సామి కాడ విడిసినాడు. ఏం బక్తి, ఏం బక్తి!"

"మెల్లగా పిన్నమ్మా. వింటాడు."

"విననీ. నాకి ఇంగ్లీస్ వస్తాది. టూ డోర్స్!"

*

విరుదునగర్‌లో పాత పత్తి గోడౌన్ ఒకటి బొమ్మల మ్యూజియం అయింది. శివకాశిలో మూతపడ్డ అచ్చు ప్రెస్సుల నుంచి తెచ్చిన క్యాలెండర్ బొమ్మల అసలు పటాలు గోడల నిండా వేలాడుతున్నాయి. ఒక మూల స్టూలు మీద కందసామి అనే ముసలి ఆర్టిస్టు కూర్చుని ఉన్నాడు. అందులో సగం బొమ్మలు ఆయన చేతివే.

కృష్ణసామి లోపలికి రాలేదు. వాకిట్లో నిలబడి సోడా తాగుతున్నాడు.

"పటం వేయించుకునేవాళ్లు ఎవరైనా సరే, మా దగ్గర పద్ధతి ఒకటే," అని కందసామి తమిళంలో చెబుతున్నాడు. "బొమ్మ వేస్తాం, ప్రెస్సులో అచ్చు తీస్తాం. గిరాకీ అచ్చు పట్టుకుపోతాడు. చేత్తో వేసిన అసలు బొమ్మ ప్రెస్సులోనే ఉంటుంది. పాపం, చాలామందికి అసలొకటి ఉంటుందని కూడా తెలియదు. అచ్చుకే పూలు వేసుకుంటూ ఉంటారు."

వసంతి టీచర్ ఒక్కొక్కర్ని ఒక్కో పటం ముందుకు తోసింది. మూక్కమ్మాళ్‌కు లక్ష్మీదేవి వచ్చింది.

"దిస్ ఈజ్ లచ్చిమి. సిట్టింగ్ ఆన్ ఫ్లవర్." కాసేపు కళ్లు చికిలించి చూసింది. "టీచర్, హౌ నాట్ ఫాలింగ్?"

నవ్వులు పైకప్పు రేకులకు తగిలాయి. ఆ నవ్వుల్లోనే మునీశ్వరి చివరి గోడ దగ్గరికి నడిచింది. అక్కడన్నీ ఊరి ఎల్లల్లో నిలబడే సాములు. మీసాలు, గుర్రాలు, కత్తులు. ఒక సామి ముందు ఆమె కాళ్లు ఆగిపోయాయి.

ఎర్ర తలగుడ్డ, పక్కన తెల్లకుక్క. ఎడమ కనుబొమ మధ్యలో తెగి ఉంది. ఆ గాటు మునీశ్వరికి బాగా తెలుసు. చిన్నప్పుడు తను విసిరిన బొంగరం తగిలి చీలిన కనుబొమ అది. ఆ ముక్కు, ఆ పెదవి అమ్మవి. సామి వేషంలో అక్కడ నిలబడింది ముత్తుపాండి.

ఆమె ఇంకో అడుగు దగ్గరికి వేసింది. కళ్లు పటం మీద పాకుతున్నాయి. సామి కుడిచేతిలో కత్తి లేదు, శూలం లేదు. గడ్డపార ఉంది. రెండు చేతులూ మణికట్టు దాకా నల్లగా, బొబ్బలెక్కి ఉన్నాయి. వెనక ఒక బావి, దానికి రెండు రాతి స్తంభాలు, ఒకటి పక్కకు ఒరిగింది. బావి పక్కన మొవ్వు లేని మొండి తాడిచెట్టు.

వేలమ్మాళ్ మాటలు చెవిలో మోగాయి. కొట్టి చంపిన మనిషి ఊరికే పోడు. చంపినవాడి కలల్లోకి వస్తాడు, వాడి పిల్లల్ని పట్టుకుంటాడు. శాంతించాలంటే అతన్ని సామిని చేసి నిలబెట్టాలి. ఏ ఆయుధంతో పోయాడో దాన్ని సామి చేతికే అప్పగించాలి, అది మళ్లీ ఇంకెవరి మీదా లేవకూడదు గనక. అలా నిలబెట్టే హక్కు ఇద్దరికే ఉంది. ఒకటి, రక్తం పంచుకున్నవాళ్లకు. లేదంటే, ఆ రక్తం చిందించినవాడికి.

మేం నిలబెట్టలేదు, అనుకుంది మునీశ్వరి.

ముసలాయన వైపు తిరిగి అడిగింది. "తాతా, ఈ పటం ఎవరు వేయించారు?"

"ఇదా? ఎలా మర్చిపోతానమ్మా! వెనక ఆ బావి, ఒరిగిన స్తంభం అన్నీ చెప్పి మరీ వేయించాడు, చేతులు నల్లగా వేయమన్నాడు. సాములకు అలా వేయకూడదయ్యా, నీలం వేస్తానంటే ఒప్పుకోలేదు. కాలిన చేతులతోనే కలలో వస్తున్నాడట. ఒక చిన్న ఫోటో ఇచ్చి నా ముందే ఏడ్చాడు." కందసామి మెడ చాచి వాకిలి వైపు చూశాడు. ముఖం విప్పారింది. "అరె! అదిగో సోడా తాగుతున్నాడే, ఆయనే! అన్నాచ్చీ..."

మునీశ్వరి ఆయన చెయ్యి పట్టుకుని కిందికి లాగింది. ఆలస్యమైంది. కృష్ణసామి తల తిప్పాడు. సోడా సీసా కింద పెట్టి లోపలికి నడిచి వస్తున్నాడు.

కాలిన చేతులు. తాళం వేసి పారిపోయినవాడికి చేతులెందుకు కాలతాయి? మండుతున్న తలుపు తెరవబోయినవాడికే కాలతాయి. ఆ క్షణంలో మునీశ్వరికి మొత్తం తెలిసిపోయింది. తెలిసిన సంగతి మొహంలో కనబడితే తను కూడా ఆ బావిలోకే పోతుందని కూడా తెలిసింది.

"మునీశ్వరి, యువర్ టర్న్," అంది వసంతి టీచర్.

క్లాసంతా చుట్టూ గుమిగూడింది. మునీశ్వరి తన వీపుతో పటాన్ని మూసేసి నిలబడింది. ఆడవాళ్ల తలల వెనక కృష్ణసామి చేతులు కట్టుకుని ఆగాడు. "కానీ పాప, మాట్లాడు. నేనూ వింటా," అన్నాడు.

"వాట్ డూ యూ సీ?"

"ఐ సీ మై బ్రదర్."

"లైక్ మై బ్రదర్," అని టీచర్ సరిదిద్దింది.

"నో టీచర్. మై బ్రదర్. హీ ఈజ్ డెడ్." మునీశ్వరి టీచర్ కళ్లలోకే చూస్తోంది. పాఠం అప్పజెప్పినట్టు గొంతు పైకెత్తింది. "హిజ్ హ్యాండ్స్ ఆర్ బర్న్డ్. హీ ట్రైడ్ టు ఓపెన్ ద డోర్."

టీచర్ ముఖంలో రంగు మారడం మొదలైంది. ఆమెకు షెడ్డు కథ తెలుసు. కోవిల్‌పట్టిలో తెలియనివాళ్లు లేరు. పెదవులు తడుపుకుని మూడో ప్రశ్న అడిగింది. "వాట్ హ్యాపెన్డ్ బిఫోర్ దిస్?"

"ద మ్యాన్ హూ బ్రాట్ అస్ హియర్ కిల్డ్ హిమ్. డోంట్ లుక్ ఎట్ హిమ్, టీచర్. ప్లీజ్ స్మైల్."

వసంతి టీచర్ నవ్వింది. ఏడుపు కంటే ఘోరంగా ఉంది ఆ నవ్వు. కృష్ణసామి చప్పట్లు కొట్టాడు.

"గుడ్! గుడ్! ఏం చెప్పింది టీచర్ మా పాప?"

"ఏం లేదు... ఈ సామి పటం గురించి..."

"సామి పటమా? ఏ సామి? జరగండి."

ఆడవాళ్లు పక్కకు తప్పుకున్నారు. అతను మునీశ్వరి భుజం పట్టి పక్కకు నెట్టాడు. పటం చూశాడు. అతనికి తెలియకుండానే రెండు చేతులూ లేచి ఛాతీ ముందు జోడించుకున్నాయి. ఏడేళ్ల అలవాటు. జోడించిన చేతుల్ని అతనే వింతగా చూసుకుని కిందికి దించాడు.

మూక్కమ్మాళ్ పటాన్ని చూసింది, అతన్ని చూసింది. "అయ్యో, ఇది మన ముత్తుపాండి ముకం కదమ్మే! నీవెందుకయ్యా వానికి మొక్కుతావు?"

"మీ పటమే అన్నాచ్చీ!" ముసలాయన సంబరంగా ముందుకొచ్చాడు. "మీరు పట్టుకుపోయింది అచ్చు. అసలు ఇదీ..."

ఆ మాట పూర్తికాలేదు. కొడవలి పిడి ముసలాయన నెత్తిన పడింది. ఆయన స్టూలుతో సహా కూలిపోయాడు, తెల్లజుట్టులోంచి రక్తం సర్రున జారింది. కృష్ణసామి కొడవలి తిప్పి పటాన్ని కనుబొమ నుంచి కిందికి చీల్చాడు. అడ్డమొచ్చిన టీచర్ని కడుపులో తన్నాడు. ఆమె గోడకు కొట్టుకుని ముడుచుకుపోయింది. మూక్కమ్మాళ్ గోడ మీది లక్ష్మీదేవిని ఊడబీకి చట్రంతో సహా అతని నెత్తిన మోదింది. అద్దం భళ్లున పగిలి అతని చెవి సగం తెగింది.

"సచ్చిపోరా నాయాలా!"

అతను ఆగలేదు. మునీశ్వరి జుట్టు చేతికి చుట్టుకుని వాకిలి దాకా ఈడ్చాడు. బయటికొచ్చి గోడౌన్ తలుపు లాగి గడియ పెట్టేశాడు. లోపల ఆడవాళ్లు తలుపు బాదుతున్నారు. ఆ చప్పుడు విని ఒక్క క్షణం అతని మొహం పాలిపోయింది. ఆ చప్పుడు అతనికి కొత్తది కాదు.

లోపల మూక్కమ్మాళ్ గొంతు ఖంగున మోగింది. "టూ డోర్స్! టూ డోర్స్! ఎనకాల పదండే!"

*

చీర కొంగుతో ఆమె రెండు చేతులూ ముందుకు కట్టేసి, వ్యాను నేల మీద పడేశాడు. వ్యాను సాత్తూరు దాటి పడమటికి తిరిగింది. కృష్ణసామి తెగిన చెవి మీద తుండుగుడ్డ అదుముకుని తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు మాట్లాడాడు.

"తాళం నేనే వేసినా. నీళ్లకని, దానికని మాటిమాటికి బయటికొస్తే పని యాడ అవుతాది? పేలతాదని కలగన్నానా?"

మునీశ్వరి నోట్లో రక్తం ఉమ్మింది. "మా అన్న?"

"కడపార తీసుకుని మండే తలుపు మీద పడినాడు. వట్టి చేత్తో గడియ లాగినాడు. తోలు ఊడొచ్చింది. ఒక్కదాన్నీ కాపాడలేకపోయినాడు. నా కాడికి వచ్చి, తాళం నీవు వేసినావని పోలీసుకి చెప్తా అన్నాడు. కాలిన చేతుల్లో నిలవక కడపార కింద పడింది." గేరు మార్చాడు. "నేను తీసినా."

"మా నాయిన్ని కొట్టి చంపినారు. నీవు చూస్తా నిలబడితివి."

"మీకి గంజి పోసినా కదా! చీర ఇచ్చినా కదా! వాడు నన్ను విడిస్తేగా? సోదె చెప్పే కోడాంగి చెప్పినాడు, వాని ఇంటికి అన్నం పెట్టు, వానికి పటం కట్టు అని. అన్నీ చేసినా. ఇంకేం కావాల వానికి?" అని స్టీరింగ్ మీద గుద్దాడు. "నీవు కావాలేమో. అన్నాచెల్లెలు ఒకే చోట ఉండండి."

సీమతుమ్మ ముళ్లు వ్యాను రేకుల్ని గీరుతున్నాయి. బండి ఆగింది. వెంబకోట్టై అడవంచున పాత షెడ్డు జాగా అది. కూలిన గోడలకు ఇంకా మసి పట్టి ఉంది. మొండి తాడిచెట్టు, దాని పక్కన బావి, ఒరిగిన రాతిస్తంభం. అచ్చం పటంలో ఉన్నట్టే.

బావికి ఇవతల సున్నం కొట్టిన అరుగు. దాని మీద అద్దాల చట్రంలో ముత్తుపాండి అచ్చుపటం, ఎండిన చామంతి దండ. అరుగు ముందు నిలువుగా పాతిన గడ్డపారకు పసుపు గుడ్డ కట్టి ఉంది. చుట్టూ ఎల్లగా తెల్లరాళ్లు పేర్చి ఉన్నాయి.

కృష్ణసామి ఆమెను జుట్టు పట్టి బావి వైపు లాగాడు. మునీశ్వరి మెడ తిప్పి అతని చెవి మీది గాయాన్ని పళ్లతో పట్టుకుంది. అతను కేకపెట్టాడు. పిడికిలి సడలింది. ఆమె పరుగెత్తింది. కాళ్లకు చీర చుట్టుకుని, తెల్లరాళ్ల మీదుగా దొర్లి అరుగు ముందు బోర్లా పడింది. పారిపోవడానికి ఇంక చోటు లేదు. వెనక గోడ, ముందు అతను.

అతను కొడవలి ఎత్తి వచ్చాడు. నెత్తి మీది రక్తం కళ్లలోకి కారుతోంది. తెల్లరాళ్ల దాకా వచ్చాడు.

అక్కడ ఆగాడు. ఒంగాడు. కొడవలి చంకలో ఇరికించుకుని కుడికాలి చెప్పు పట్టీ విప్పసాగాడు.

మునీశ్వరి నమ్మలేకపోయింది. చంపడానికి వస్తున్నవాడు చెప్పులు విడుస్తున్నాడు. ఏడేళ్లుగా ఈ రాళ్లు దాటేముందు చేసిన పని అతని చేతులు వాటంతట అవే చేస్తున్నాయి. కుడిచెప్పు ఊడింది. ఎడమ పట్టీ రక్తానికి జారుతోంది, రావడం లేదు.

ఆమె కట్టిన రెండు చేతులతో గడ్డపార పట్టుకుని ఊపి పీకింది. మట్టి పెళ్లలతో సహా వచ్చింది. అతను తలెత్తేలోపు అడ్డంగా తిప్పి మోకాలి మీద కొట్టింది. మోకాలు వెనక్కి విరిగింది. పడుతూనే కొడవలి విసిరాడు. అది ఆమె మోచేతి కండను కోసుకుంటూ పోయింది. రెండో దెబ్బ అతని మణికట్టు మీద పడింది. వేళ్లు చచ్చిన ఎండ్రకాయ కాళ్లలా ముడుచుకున్నాయి.

మూడోసారి ఆమె గడ్డపారను తల మీదికెత్తింది. అతను ఆమెను చూడలేదు. ఆమె చేతుల్లో ఉన్నదాన్నే చూస్తున్నాడు.

"ముత్తుపాండీ... విడిసిపెట్టప్పా... నీకి మొక్కుకుంటా..."

ఆమె చేతులు గాలిలోనే ఆగిపోయాయి. జాలిపడి కాదు. ఇతన్ని చంపితే తనకేం మిగులుతుందో కళ్లముందు కనబడింది. ఇతనికి పటం కట్టాలి. అరుగు కట్టాలి. కలల్లోకి వస్తాడని భయపడి ఏడాదికోసారి దండ వేసి పొంగలి పెట్టాలి.

"నీకి నేను పొంగలి పెట్టను కృష్ణసామీ," అంది. జీవితంలో మొదటిసారి అతన్ని పేరుపెట్టి పిలిచింది.

గడ్డపార రెండో మోకాలి మీద దిగింది.

*

పోలీసు జీపు వచ్చేసరికి ఆమె చేతుల కట్టు పళ్లతో విప్పుకుని, అరుగు మీద కూర్చుని మోచేతికి పసుపు గుడ్డ బిగించుకుంటోంది. ఆ వ్యాను నంబరు అప్పటికే సాత్తూరు పోలీసుల దగ్గర ఉంది. భుజం విరిగిన లారీ డ్రైవర్ పొద్దున్నే స్టేషన్‌లో ఇచ్చిపోయాడు. గోడౌన్ వెనక తలుపు నుంచి బయటపడ్డ ఆడవాళ్లు ఫోన్ చేయగానే జీపు కదిలింది. పటంలోని ఒరిగిన స్తంభం ఎక్కడుందో మూక్కమ్మాళ్‌కు తెలుసు. ఒకప్పుడు ఆమె ఆ బావి నీళ్లే షెడ్డుకు మోసేది. జీపు దిగి, పాకుతున్న కృష్ణసామిని ఒకసారి చూసి, తన చెప్పు తీసి మొహాన రెండు వాయించాకే పక్కకు జరిగింది. పోలీసులు ఆ పూట ఎందుకో అటువైపు చూడలేదు.

బావి తోడితే అడుగున బురదలో ఎముకలు దొరికాయి. పుర్రెకు వెనక పెద్ద పగులు. కందసామి తల కుట్లు మానాక కోర్టుకొచ్చి, ఫోటో ఇచ్చి ఏడ్చిన మనిషిని వేలెత్తి చూపించాడు. కేసు నాలుగేళ్లు నడిచి యావజ్జీవంతో ముగిసింది. కానీ వేలమ్మాళ్ అంతవరకూ ఆగలేదు. ఎముకలు చేతికిచ్చిన రోజునే అరుగు దగ్గరికి పోయి, పటానికున్న దండ తెంపి పారేసింది.

"సామి వద్దు, ఏమీ వద్దు," అంది. "సామి అయితే ఊరి ఎల్లలో ఎండకి నిలవాల. నా బిడ్డ ఇంటికి వస్తాడు."

వాళ్లు నాగలాపురం వెళ్లారు. మునీశ్వరి ముందు నడిచింది. చీలిక కుట్టిన అసలు పటం ఆమె గుండెల మీద ఉంది. వెనక ఎముకల కుండ పట్టుకుని తల్లి, ఆ వెనక వసంతి టీచర్, మూక్కమ్మాళ్. వీధిలో ఒక్కో తలుపూ తెరుచుకుంది.

మూడో ఇంటి గడపలో కరుప్పాయి నిలబడి ఉంది. షెడ్డులో ఆమె కూతురు కాలిపోయింది. ముత్తుపాండి నాన్న తల మీద పడిన మొదటి రోకలి ఆమెదే. ఆమె దిగి వచ్చి పటాన్ని చూసింది. నల్ల చేతుల మీద వేలు పెట్టింది.

"నా బిడ్డ ఉండే తలుపుకి కాలినవా ఇవి?"

"ఔ," అంది మునీశ్వరి. "తాళం ఆ కృష్ణసామి వేసినాడు. మా అన్న తెరవబోయినాడు. వినబడిందా? అందరికీ వినబడిందా?"

ఆమె అరుపు వీధి చివరి ఇంటిదాకా పోయి తిరిగొచ్చింది. అన్ని తలుపుల్లోనూ మనుషులున్నారు.

వేలమ్మాళ్ కుండను కూతురికిచ్చింది. ఒంగి, దారిలో పడున్న పిడికెడు రాయి ఒకటి ఏరింది. కరుప్పాయి అరచెయ్యి తెరిచి అందులో పెట్టింది.

"ఇంకా కోపం మిగిలుంటే కొట్టు. నేను ఉండాను కదా."

కరుప్పాయి వేళ్లు వదిలేసింది. రాయి జారి కింద పడింది. దాని వెనకే ఆమె కూడా కూలబడి, మట్టిలో నుదురు కొట్టుకుంది. పైకి లేపడానికి ఎవరూ రాలేదు. వేలమ్మాళ్ కూడా లేపలేదు. కూతురి చేతిలోంచి కుండ తిరిగి తీసుకుని, కరుప్పాయిని దాటుకుని తన ఇంటి గడప వైపు నడిచింది.